బొటనవేలి గుంట

ముప్పై ఒక్క ఏళ్లు గిటార్ల మెడలు నునుపు తీశాను.
రోజుకు ఏడు. శనివారం నాలుగు.
దేవదారు పొడి నా ముక్కులో, జడలో,
పొయ్యి మీద పొంగే పాలల్లో కూడా.
పరాచోలో ఏ వీధిలో నిలబడ్డా
ఎవరో ఒకరు చెక్క గీస్తున్న చప్పుడే,
ఊరంతా కలిసి ఒకే గొంతు సవరించుకుంటున్నట్టు.
పాట మాత్రం లారీలెక్కి వెళ్లిపోతుంది.

వాయించొద్దని నన్నెవరూ అనలేదు.
వాయించమనీ అనలేదు.
అంతే, అంతకు మించి కథేం లేదు.

ఓటరు కార్డు ఆఫీసులో ఒకసారి
గాజు పలక మీద పది వేళ్లూ పెట్టాను.
మిషన్ ఒప్పుకోలేదు.
పైటకు తుడుచుకుని మళ్లీ పెట్టాను.
"అమ్మా, మీకు ముద్రలు లేవు" అన్నాడు కుర్రాడు,
నేనేదో ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు.
ఉప్పుకాగితం తినేసిందని చెప్పాను.

ఈ ఫిబ్రవరిలో దోన్ క్రిసోఫోరో
రెండు వారాల కూలీకి బదులు
పొట్ట పగిలిన గిటారొకటి చేతిలో పెట్టాడు.
"అమ్ముకో, ఒటీలియా."
కొనేవాడెవడు? ఈ ఊళ్లో గిటారు అమ్మడమంటే
చేపకు నీళ్లు అమ్మడం.

అందుకని ఎలాదియో ముందు కూర్చున్నాను.
వాడికి పదకొండేళ్లు, పక్కింటి రెఫూహియో మనవడు.
పాఠానికి రెండు కొరుందాలు జీతం,
మొక్కజొన్న ఆకులో పొగలు కక్కుతూ. మీగడ వేరే.
మొదటి రోజు నా గోళ్లు చూసి పెదవి విరిచాడు.
రెండో రోజు కూర్చోవడం బాలేదన్నాడు.
యాభై ఎనిమిదేళ్లుగా కూర్చుంటున్నాను,
ఎవరూ తప్పు పట్టలేదు.

దో వచ్చింది, తొమ్మిది రోజులకు.
లా మినోర్ దాని చెల్లెలు, వెంటే వచ్చింది.
ఫా రాలేదు.
చూపుడువేలు ఒక్కటే ఆరు తీగల మీదా
అడ్డగడియలా పడాలి.
పడుతుంది; కింద ఆరుగురూ చచ్చి పడుంటారు.
టప్. టప్. రేకు డబ్బాలో ఈగ.
"ఇంకా గట్టిగా" అంటాడు ఎలాదియో.
దుప్పట్లు పిండిన చేయి, దుంగలు మోసిన చేయి,
ఇంకా గట్టి ఎక్కడి నుంచి తేను?
ఇల్లు అలకగానే పండగ కాదని
ఇన్ని మెడలు అలికినదాన్ని, నాకు తెలియదా.

నిన్న రాత్రి పొగమంచు గుమ్మం దాకా వచ్చింది.
లైటు తీసేసి చీకట్లో పట్టుకున్నాను,
వాడి కళ్లు లేకుండా, నా కళ్లు కూడా లేకుండా.
మెడ వెనకాల, మొదటి మెట్టుకు కాస్త ఇవతల
బొటనవేలు ఎక్కడో దిగింది.
గుంట. బియ్యపు గింజంత లోతు.
చెక్క గుణం కాదది, చేయి.
ఎక్కువ గీసిన చేయి.
ఆ బల్ల దగ్గర మెడలు దిద్దేది నేనొక్కదాన్నే.
ఏ రోజో గుర్తు లేదు.
ఎవరి మీద కోపమో, ఎందుకు తొందరో,
రేడియోలో ఏదో వింటూ అలాగే గీస్తూ పోయానో.
ఎవరైనా చూసుంటే ఆ పూటే తిట్టేవారు.
ఎవరూ చూడలేదు.

బొటనవేలు అక్కడే ఉంచాను.
నొక్కలేదు. ఆనించానంతే.
పైనుంచి కిందికి మీటాను.
అయిదు తీగలు పలికాయి.
రెండోది మాత్రం ఎప్పటిలాగే, టప్.

పొద్దున ఎలాదియోకి వినిపించాను.
తల గోక్కున్నాడు.
"రెండోది చచ్చిపోయింది" అన్నాడు.
మిగతా అయిదింటి గురించి ఏమీ అనకుండా
కొరుందా ఆకు విప్పబోయి
చురుక్కుమని కింద పడేశాడు.
నేను తీసి ఇచ్చాను.
వేడి తెలియలేదు.

ఎడమచేతి వేళ్లు వెలుతురుకు పెట్టి చూసుకున్నాను.
ఒక్కో కొనకూ ఒక్కో గీత, అడ్డంగా, కొత్తది.
మిషన్ ఒప్పుకుంటుందో లేదో.